మధ్యాహ్నం రెండింటికి ఇంట్లో ఎవరుంటారు?



“మేమిద్దరం ఉద్యోగాలు చేస్తాం డాక్టరుగారూ. పొద్దున తొమ్మిదింటికి తాళం వేస్తే మళ్ళీ తీసేది రాత్రి ఏడు దాటాకే. కుక్కని పెంచుకోవచ్చంటారా?”

పశువైద్యురాలిగా నన్ను ఈ మధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. హైదరాబాదులో నిజాంపేటలో ఇల్లు, మాదాపూర్‌లో ఉద్యోగం ఉన్న జంటలు అడుగుతారు. బ్యాంకుల్లో పనిచేసేవాళ్ళు అడుగుతారు. పిల్లలు అమెరికాలో స్థిరపడిపోయి, తాము రిటైర్ కావడానికి ఇంకా కొన్నేళ్ళున్న టీచరమ్మలు అడుగుతారు. ఇలా ముందుగా వచ్చి అడిగేవాళ్ళంటే నాకు చాలా గౌరవం. ఎక్కువమంది కుక్కపిల్లని ఒళ్ళో పెట్టుకుని వచ్చి అడుగుతారు. అప్పటికి అది వాళ్ళ చొక్కా గుండీ నములుతూ ఉంటుంది, దానికి పేరు కూడా పెట్టేసి ఉంటారు. ఇక ఏం చెప్పగలం?

పెంచుకోండి అనో, వద్దు అనో ఒక్క మాటలో తేల్చేసే జవాబు నా దగ్గర లేదు. కానీ నేను తిరిగి అడిగే ప్రశ్న ఒకటుంది. మధ్యాహ్నం రెండు గంటలకి మీ ఇంట్లో ఎవరుంటారు? పొద్దున వాకింగ్‌కి తీసుకెళ్తామండీ, సాయంత్రం ఆడిస్తామండీ, ఆదివారమంతా దానితోనే ఉంటామండీ అని అందరూ తమ తీరిక గంటల లెక్క చెబుతారు. ఆ గంటల్లో ప్రేమకి లోటుండదు, నాకు తెలుసు. అయితే కుక్క మిగతా గంటల్లో కూడా ఆ ఇంట్లోనే బతకాలి. మన రోజు మనకి తెలుసు. తాళం వేసిన తలుపుకి అవతల దాని రోజు ఎలా గడుస్తుందో చూసి నిర్ణయం తీసుకోవాలన్నదే ఇవాళ నేను చెప్పదలుచుకున్న సంగతి.

ముందు ఒక భయం తీసేస్తాను. ఉద్యోగం చేసేవాళ్ళు కుక్కని పెంచకూడదని ఎక్కడా లేదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క రోజులో సగం నిద్రలోనే గడుపుతుంది. పొద్దున్నే బాగా తిరిగి, దారి పొడుగునా చెట్టూ పుట్టా వాసన చూసుకుని, ఇంటికొచ్చి కడుపునిండా తింటే, మీరు వెళ్ళాక నాలుగైదు గంటలు నిశ్చింతగా పడుకుంటుంది. మూత్రం కూడా ఆరు నుంచి ఎనిమిది గంటల దాకా ఆపుకోగలదు. ఇంతవరకూ ఇబ్బంది లేదు. ఇప్పుడు మన నగరాల లెక్క వేయండి. భోజన విరామంతో కలిపి ఆఫీసు తొమ్మిది గంటలు. వెళ్ళడానికి గంట, రావడానికి గంటన్నర. వాన పడిందంటే ఆ గంటన్నర ఎంతవుతుందో చెప్పలేం. మొత్తం పదకొండు, పన్నెండు గంటలు. చిక్కంతా ఆఖరి నాలుగు గంటల్లోనే ఉంది. నిద్ర అయిపోయింది, ఎండ బాల్కనీలోంచి గదిలోకి వచ్చింది, గిన్నెలో నీళ్ళు వెచ్చబడ్డాయి, కడుపు ఉబ్బుతోంది, లిఫ్టు చప్పుడైనప్పుడల్లా లేచి తలుపు దగ్గరికి వెళ్ళి రావడం. సాయంత్రం నాలుగు నుంచి ఏడున్నర దాకా చాలా ఇళ్ళలో కుక్క చేసే పని ఇదే.

పెద్ద కుక్క సంగతే ఇలా ఉంటే, పిల్ల సంగతి వేరే చెప్పాలా? ఇక్కడ నా మాట కాస్త కటువుగానే ఉంటుంది. పొద్దంతా ఎవరూ ఉండని ఇంటికి రెండు నెలల పిల్లని తేవద్దు. పిల్ల ఎంతసేపు ఆపుకోగలదో చెప్పడానికి మేం ఒక మోటు లెక్క వాడతాం. దాని వయసు నెలల్లో ఎంతో, దానికి ఒకటి కలిపితే అన్ని గంటలు. రెండు నెలల పిల్లకి మూడు గంటలు, అదీ గట్టిగా అనుకుంటేనే. రోజుకి నాలుగుసార్లు తిండి పెట్టాలి. తిన్న వెంటనే, నిద్ర లేచిన వెంటనే బయటికి తీసుకెళ్ళాలి. ఇల్లు పాడుచేయకూడదని దానికి నేర్పేది ఆ సమయాల్లోనే. పది గంటలు గదిలో ఉంచి తాళం వేస్తే, అది పడుకున్న చోటే తడిపి, అందులోనే తిరుగుతుంది. అదే దానికి అలవాటవుతుంది. ఆరు నెలల తర్వాత “ఎంత చెప్పినా నేర్చుకోదండీ” అని నా దగ్గరికి తీసుకొస్తారు. చెప్పడానికి మనిషి ఇంట్లో ఉంటేగా!

ఇంకో ముఖ్యమైన సంగతి. అమెరికాలో బార్ హార్బర్ అనే ఊళ్ళో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి కుక్కపిల్లల్ని గమనించి 1965లో ఒక పెద్ద పుస్తకం ప్రచురించారు. మూడో వారం నుంచి సుమారు పన్నెండో వారం వరకూ కుక్కపిల్ల లోకాన్ని పరిచయం చేసుకునే కాలమని వాళ్ళు చూపించారు. ఆ వారాల్లో చూసిన మనుషులు, విన్న చప్పుళ్ళు దానికి జీవితమంతా మామూలు విషయాలే. కుక్కరు ఈల, గొడుగు విప్పడం, గ్యాస్ బండ దొర్లించే చప్పుడు, ముసలివాళ్ళ చేతికర్ర, గెంతులేసే పిల్లలు, అన్నీ. ఆ వయసులో నాలుగు గోడలే చూసిన పిల్ల పెద్దయ్యాక ప్రతిదానికీ బెదురుతుంది. బెదిరిన కుక్కే ఎక్కువగా కరుస్తుంది. మన దేశంలో ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని 2017లో వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. అయినా నెల రోజుల పిల్లని అట్టపెట్టెలో పెట్టి “పాలు మానేసిందండీ, ఏం పరవాలేదు” అని అంటగట్టేవాళ్ళు ఉన్నారు. తల్లి దగ్గరా, తోబుట్టువుల దగ్గరా ఉన్నప్పుడే పిల్ల ఎంత గట్టిగా కొరకచ్చో నేర్చుకుంటుంది. ఆ చదువు మధ్యలో ఆగిపోయిన పిల్లని పన్నెండు గంటలు ఒంటరిగా వదిలే ఇంటికి తీసుకెళ్తే, రెండువైపులా నష్టపోయినట్టే.

ఇక పార్వో. ఈ జబ్బు పేరు విన్నవాళ్ళు ఉంటారు. టీకాలు పూర్తికాని కుక్కపిల్లలకి వచ్చే వైరస్. పొద్దున డల్‌గా ఉంటుంది, తర్వాత వాంతి, తర్వాత నీళ్ళ విరేచనం, ఆ పైన రక్తం. రెండు మూడు రోజుల్లో ప్రాణం పోవచ్చు. ఇందులో ప్రతి గంటా లెక్కే. మొదటి వాంతి పదిన్నరకి అయితే, ఇంట్లో మనిషి ఉంటే పదకొండున్నరకి సెలైన్ ఎక్కుతుంది. లేకపోతే రాత్రి ఎనిమిదింటికి తలుపు తీసి చూసేదాకా ఎవరికీ తెలియదు. ఆ రాత్రి క్లినిక్కి పరిగెత్తుకొచ్చే వాళ్ళ ముఖాలు చూడలేం. వాళ్ళు ప్రేమ లేనివాళ్ళు కారు. పగలు ఇంట్లో ఎవరూ లేరు, అంతే.

ఒంటరితనం గురించి చెబుతాను. ఒక యువ జంట, ఇద్దరూ సాఫ్ట్‌వేర్. వాళ్ళ కుక్క పగలంతా ఏడుస్తోందని అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఫిర్యాదులు వస్తున్నాయి. వీళ్ళు నమ్మలేదు. “మేమున్నప్పుడు నోరెత్తదు డాక్టరుగారూ, పక్కింటివాళ్ళకి కుక్కలంటే పడదు” అన్నారు. పాత ఫోను ఒకటి టీవీ పక్కన పెట్టి, వీడియో ఆన్ చేసి వెళ్ళమన్నాను. మర్నాడు ఆ వీడియో నాకు చూపించారు. తలుపు మూసుకుంటుంది. కుక్క గడప దగ్గర నిలబడి తలుపు కింది సందులో ముక్కు పెట్టి చాలాసేపు వాసన చూస్తుంది. కిటికీ దగ్గరికి వెళ్తుంది. మళ్ళీ తలుపు దగ్గరికి. ముందు కాలితో ఒకసారి గీరుతుంది, ఆగి వింటుంది. మళ్ళీ గీరుతుంది. కాసేపటికి తల పైకెత్తి ఊళ మొదలుపెడుతుంది. చాలాసేపు ఊళ వేసి, సోఫా మీదికెక్కి, ఆ అమ్మాయి పొద్దున హడావుడిలో విసిరేసి వెళ్ళిన చున్నీలో మూతి దూర్చి పడుకుంటుంది. అక్కడికి వచ్చేసరికి ఆ అమ్మాయి ఫోను నా చేతిలోంచి తీసేసుకుంది.

విడిచి ఉండలేని ఈ బెంగ సాధారణంగా యజమాని వెళ్ళిన మొదటి అరగంటలోనే బయటపడుతుంది. తలుపు గీరడం, చొంగ కార్చడం, ఒకే కాలు పుండు పడేలా నాకడం, తిండి ముట్టకపోవడం దాని గుర్తులు. దీనికి వైద్యం ఉంది, కానీ అది ఒక్కరోజులో అయ్యేది కాదు. రెండు నిమిషాలు బయటికి వెళ్ళి రావడం, తర్వాత ఐదు, తర్వాత పది, ఇలా వారాల తరబడి అలవాటు చేయాలి. కొన్నిటికి మందులు కూడా అవసరమవుతాయి. ఆ జంట అదృష్టం, వాళ్ళిద్దరికీ వారంలో చెరో రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసే వీలు దొరికింది. మిగిలిన ఒక్కరోజుకి కింది ఫ్లాటులోని పిన్నిగారు ముందుకొచ్చారు.

ఇంటికొచ్చి చూస్తే సోఫా చిరిగిపోయి ఉంటుంది. కుక్క చెవులు వాల్చి, చూపు తప్పించి మూలకి జరుగుతుంది. “చూడండి, తప్పు చేశానని దానికి తెలుసు” అంటారు అందరూ. అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో ఈ విషయాన్ని పరీక్షించింది. తినవద్దన్న పదార్థాన్ని కొన్ని కుక్కలు తిన్నాయి, కొన్ని తినలేదు. కానీ యజమానికి నిజం చెప్పకుండా, తినని కుక్కని కూడా తిన్నదని చెప్పి తిట్టించింది. తినని కుక్క కూడా అదే ముఖం పెట్టింది. అంటే ఆ ముఖం తప్పు ఒప్పుకోవడం కాదు, మన కోపం చూసి కలిగిన భయం. మన భారతం ఆదిపర్వం మొదట్లోనే సరమ అనే దేవశునకం కథ ఉంది. ఏ తప్పూ చేయని తన బిడ్డని యజ్ఞశాలలో కొట్టారని ఆ తల్లి నేరుగా జనమేజయ మహారాజు దగ్గరికే వచ్చి నిలదీస్తుంది. అంత పెద్ద కథ ఒక కుక్కపిల్లకి జరిగిన అన్యాయంతో మొదలవుతుందని నేను చిన్నప్పుడు విన్నది ఇప్పటికీ మరిచిపోలేదు. సాయంత్రం తలుపు తీసి, పొద్దున ఎప్పుడో జరిగినదానికి కుక్కని కొడితే, అది ఎందుకో దానికి తెలియదు. మీరు ఇంటికి రావడమే దెబ్బకి సూచన అనుకుంటుంది.

2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఇళ్ళలో కూర్చున్నవాళ్ళు చాలామంది కుక్కల్ని తెచ్చుకున్నారు. ఆ కుక్కలకి ఇల్లంటే ఎప్పుడూ మనుషులతో నిండి ఉండేదే. ల్యాప్‌టాపు ముందు కూర్చున్నవారి కాళ్ళ దగ్గర పడుకుని పెరిగాయి. తర్వాత ఆఫీసులు తెరిచారు. ఒక సోమవారం పొద్దున్నుంచి ఇల్లు ఖాళీ. ఆ మార్పుకి వాటిని ఎవరూ సిద్ధం చేయలేదు. కొన్ని జబ్బుపడ్డాయి, కొన్ని ఊరికి అమ్మమ్మగారింటికి వెళ్ళాయి, కొన్ని రోడ్డు మీదికి వచ్చాయి. మీ ఉద్యోగం ఇప్పుడు ఇంటి నుంచే కదా అని ధీమాగా ఉంటే, కంపెనీ రేపు రమ్మంటే ఏం చేస్తారో ఇప్పుడే అనుకోండి. కుక్క ఆయుష్షు పది నుంచి పదిహేనేళ్ళు. అన్నేళ్ళు మారకుండా ఉండే ఉద్యోగం ఎవరికుంది?

“బాల్కనీలో గొలుసు కట్టి వెళ్తామండీ, గాలీ వెలుతురూ ఉంటాయి” అనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి ఒక విషయం చెప్పాలి. జంతువుల పట్ల క్రూరత్వాన్ని నిరోధించే మన 1960 నాటి చట్టంలో పదకొండో సెక్షన్ ఉంది. పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టి ఉంచడం నేరమని అందులో ఉంది. అక్కడితో ఆగలేదు. ఎప్పుడూ గొలుసుతోనో, మూసిన చోటనో ఉంచే కుక్కని తిప్పకుండా నిర్లక్ష్యం చేయడం కూడా నేరమని కుక్క పేరు పెట్టి మరీ రాశారు. నాట్యానికి ప్రసిద్ధురాలైన రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో ఉండగా ఇలాంటి చట్టం కోసం బిల్లు పెట్టారు. ప్రభుత్వమే తెస్తుందని నెహ్రూ మాటిచ్చాక దాన్ని వెనక్కి తీసుకున్నారు. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలు కూడా ఆవిడే. ఆ రోజుల్లో పన్నెండు గంటలు తాళం పడే ఫ్లాట్లు లేవు. అయినా ఆ వాక్యం ఇవాళ మన బాల్కనీలకి సరిగ్గా సరిపోతుంది. పైగా మే నెలలో పడమటి బాల్కనీ అంటే నిప్పుల కొలిమి. కుక్కకి ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పడం ద్వారానే వేడి తగ్గించుకోవాలి. నీడ జరిగిపోయి, గొలుసు నీడ దాకా అందకపోతే, ఒక్క మధ్యాహ్నం చాలు ప్రాణం మీదికి రావడానికి.

ఇప్పుడు నేను ఎక్కువగా బాధపడే విషయం. “మధ్యాహ్నం ఎవరుంటారు” అని అడిగితే చాలా ఇళ్ళలో వచ్చే జవాబు, “మా అత్తగారున్నారుగా.” ఆ అత్తగారు పక్క కుర్చీలోనే కూర్చుని ఉంటారు. ఆవిడని ఎవరూ అడగలేదని ముఖం చూస్తేనే తెలిసిపోతుంది. అరవై ఎనిమిది, డెబ్భై ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులు. పొద్దున స్నానం చేసి పూజ అయ్యేదాకా మడి. కుక్క వంటింట్లోకి వస్తే ఆవిడకి మళ్ళీ స్నానం. కొడుకూ కోడలూ వెళ్ళాక, ముప్పై కిలోల ల్యాబ్రడార్‌ని మూడో అంతస్తు నుంచి కిందికి దింపాలి. అది పిల్లిని చూసి ఒక్క ఊపు ఊపితే ఆవిడ కింద పడుతుంది. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. దయచేసి పెద్దవాళ్ళని అడగండి. ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి, నలుగురిలో అడిగితే వద్దనలేరు. నిజంగా ఇష్టపడే పెద్దవాళ్ళు ఉన్నారు. ఇంట్లో పలకరించే ప్రాణి ఉందని సంతోషించేవాళ్ళని, దానితో పగలంతా కబుర్లు చెప్పేవాళ్ళని చూశాను. వాళ్ళ బలానికి తగిన చిన్న, నెమ్మదైన కుక్క అయితే ఆ ఇంటికి అది వరమే. కానీ ఆ నిర్ణయం వాళ్ళది కావాలి.

పనిమనిషి విషయమూ అంతే. “లక్ష్మి వస్తుంది, అదే చూసుకుంటుంది” అంటారు. ఆమెకి కుక్కలంటే భయం కావచ్చు, చిన్నప్పుడు ఏ కుక్కో కరిచి ఉండవచ్చు. ఇంకా నాలుగిళ్ళు ఉంటాయి. కుక్కని కిందికి తీసుకెళ్ళడం వేరే పని. దానికి వేరే జీతం ఇవ్వాలి, కుక్కతో వారం పది రోజులు మీరున్నప్పుడు పరిచయం చేయాలి. ఒప్పుకున్న మనిషి దొరికితే, రోజూ ఒంటిగంటకో రెండింటికో వచ్చి అరగంట తిప్పి, నీళ్ళు మార్చి వెళ్తే, ఇందాక నేను చెప్పిన ఆఖరి నాలుగు గంటల సమస్య చాలావరకు తీరిపోతుంది. డబ్బు తీసుకుని కుక్కల్ని తిప్పే కుర్రాళ్ళు ఇప్పుడు పెద్ద నగరాల్లో దొరుకుతున్నారు. పగలు కుక్కల్ని చూసుకునే క్రెష్‌లు కూడా వచ్చాయి. వెళ్ళి చూడండి. నేల కడిగి ఉందా, ఎన్ని కుక్కలకి ఎంతమంది మనుషులు, టీకా కార్డు అడిగారా లేదా? అడగని చోట వదలకండి.

“తోడుగా ఇంకోటి తెస్తే?” అని కొందరంటారు. తోడు మంచిదే. కానీ మనిషి కోసం బెంగపెట్టుకున్న కుక్కకి ఇంకో కుక్క మందు కాదు. చాలాసార్లు రెండూ కలిసి ఏడుస్తాయి.

ఏ కుక్క? ఇక్కడ మనల్ని ప్రకటనలూ సినిమాలూ బాగా తప్పుదారి పట్టించాయి. 2003లో వచ్చిన హచ్ మొబైల్ కంపెనీ ప్రకటన గుర్తుందా? పిల్లవాడు ఎక్కడికి వెళ్తే అక్కడికి వెనకాలే నడిచే బుల్లి పగ్. దాన్ని చూసి దేశమంతా పగ్‌లు కొన్నారు. ఆ కుక్క స్వభావం ఆ ప్రకటనలో ఉన్నదే, మనిషి వెనకాలే తిరగాలి. అలాంటిదాన్ని తెచ్చి పది గంటలు ఒంటరిగా వదిలేశారు. పైగా దాని ముక్కు నొక్కుకుపోయి ఉంటుంది, సరిగ్గా రొప్పలేదు, కరెంటు పోతే మన ఎండలకి ఉక్కిరిబిక్కిరైపోతుంది. ఇక హస్కీ. మంచులో మైళ్ళ కొద్దీ బండి లాగడానికి తయారైన కుక్క అది. దాన్ని హైదరాబాదులో ఏసీ గదిలో మూసి, సాయంత్రం పది నిమిషాలు తిప్పితే, గోడ సున్నం కూడా గీకేస్తుంది. అందులో దాని తప్పేమీ లేదు.

మన నేల కుక్క అని జొనంగిని అడిగేవాళ్ళూ ఈ మధ్య కనిపిస్తున్నారు. కొల్లేరు చుట్టుపక్కల, కృష్ణా గోదావరి జిల్లాల్లో బాతుల మందల్ని తోలిన కుక్క అది. పొట్టి వెంట్రుకలు, ముడతలు పడ్డ నుదురు. మొరగడం తక్కువ, ఒక వింత కూత పెడుతుంది. నేలలో గొయ్యి తవ్వుకుని పడుకుంటుంది. బాతులు పోయి చేపల చెరువులు వచ్చాక దాని పనీ పోయింది, సంఖ్యా తగ్గింది. ఆ జాతి నిలవాలని నాకు ఎంతో ఉంది. అయినా తాళం వేసిన ఫ్లాటుకి జొనంగిని నేను సిఫారసు చేయను. దానికి పొలం గట్టు ఉండాలి, వెంట తిరిగే ఒక మనిషి ఉండాలి. తోటలో ఉండేవాళ్ళు తెచ్చుకుంటే ఆ కుక్క రుణం తీర్చినవాళ్ళవుతారు.

ఉద్యోగస్తులకి నేను చెప్పేది, మూడు నాలుగేళ్ళు నిండిన మామూలు మన ఊరకుక్కని దత్తత తీసుకోమని. హైదరాబాదులో బ్లూ క్రాస్ 1992 నుంచి పనిచేస్తోంది. ఇతర ఊళ్ళలోనూ చిన్నా పెద్దా ఆశ్రయాలు ఉన్నాయి. పెద్ద కుక్క అంటే ఎందుకో మనవాళ్ళకి అనుమానం, మచ్చిక కాదేమోనని. అనుభవంలో అది నిజం కాదు. పెద్ద కుక్క స్వభావం అప్పటికే తేలిపోయి ఉంటుంది. ఏది ఒంటరిగా ఉండగలదో, ఏది పిల్లలతో సర్దుకుంటుందో, ఏది చప్పుడుకి బెదురుతుందో అక్కడ అన్నం పెట్టే మనిషి చెప్పగలడు. మన ఎండకి, మన వానకి తట్టుకున్న ఒళ్ళు అది. పెరుగన్నంలో గుడ్డు కలిపి పెట్టినా ఇష్టంగా తింటుంది. ఒక్కసారి వెళ్ళి తెచ్చేసుకోకండి. రెండు మూడు ఆదివారాలు వెళ్ళి, పక్కన కూర్చుని, కాస్త దూరం నడిపించి చూడండి. ఏడాదికోసారి రేబీస్ టీకా మాత్రం ఏ కుక్కకైనా తప్పదు. ఇంట్లోంచి బయటికి రానిదానికి కూడా.

అద్దె ఇల్లయితే ఓనరుతో ముందే మాట్లాడుకోండి. అపార్టుమెంటు సంఘాలు కుక్కల్ని పెంచకూడదని తీర్మానాలు చేసే వీలు లేదని జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అలాగని లిఫ్టులో తడిపినదాన్ని వాచ్‌మన్ కడగాలనుకోవడం న్యాయం కాదు. ఎత్తే సంచీ, తుడిచే కాగితం మన చేతిలో ఉండాలి. రాత్రి ఎనిమిది తర్వాత తిప్పడానికి వెళ్ళేవాళ్ళు ఇంకోటి ఆలోచించుకోవాలి. ఆ వేళకి వీధి కుక్కల గుంపులు లేస్తాయి. మీ వీధిలో ఒంటరిగా ఆ సమయంలో నడవగలరా, ముఖ్యంగా ఆడవాళ్ళు, ముందే చూసుకోండి.

సంక్రాంతికి ఊరెళ్ళడం ఎలా? రైల్లో కుక్కని తీసుకెళ్ళాలంటే ఫస్ట్ ఏసీలో మొత్తం కూపే మీ పేరునే ఉండాలి, లేదంటే గార్డు పెట్టెలోని కుక్కల బోనులో పంపాలి. పండగ రోజుల్లో మొదటిది దొరకదు, రెండోది నేను చేయమని చెప్పను. కారు లేనివాళ్ళు ప్రతి పండక్కీ ఎవరో ఒకరు ఆగిపోవాలి, లేదా నమ్మకమైన మనిషిని ఇంట్లో పెట్టాలి. చెల్లెలి పెళ్ళికి, మామగారి ఆపరేషనుకి కూడా ఇదే లెక్క.

ఇన్ని విన్నాక కూడా మనసు అటే లాగుతోందా? అయితే ఒక నెల రోజులు కుక్క లేకుండానే కుక్క ఉన్నట్టు బతికి చూడండి. పొద్దున ఐదున్నరకి లేచి నలభై నిమిషాలు నడవండి, ఆదివారం కూడా. మధ్యాహ్నం రావాల్సిన మనిషిని మాట్లాడి, నిజంగానే రోజూ రమ్మనండి. ఎన్ని రోజులు రాగలిగిందో చూడండి. ఆఫీసు నుంచి నేరుగా ఇంటికే రండి. అలసిపోయి వచ్చినా చెప్పులు విప్పకుండా మళ్ళీ కిందికి దిగి అరగంట తిరగండి. శనివారం సాయంత్రం సినిమాకి వెళ్ళేముందు తలుపు దగ్గర నిలబడి, ఇవాళ కుక్క ఎన్ని గంటలు ఒంటరిగా ఉన్నట్టని లెక్క వేసుకోండి. నెల చివర ఈ పనులు భారమనిపిస్తే, ఇప్పుడు వద్దు. ఇంకో మూడేళ్ళకి ఉద్యోగం మారవచ్చు, ఇల్లు మారవచ్చు, అప్పుడు చూద్దాం. ఈలోగా ఆదివారాలు ఆశ్రయానికి వెళ్ళి కుక్కల్ని నడిపించవచ్చు. కొన్ని ఆశ్రయాలు జబ్బు నుంచి కోలుకుంటున్న కుక్కని కొన్ని వారాల పాటు ఇంట్లో ఉంచుకోనిస్తాయి. మీరు లాంగ్ లీవులో ఉన్నప్పుడు అదొక మంచి అవకాశం.

నెల తేలిగ్గా గడిచిందా? సంతోషం. అప్పుడు పది రోజులు సెలవు పెట్టి కుక్కని తెచ్చుకోండి. మొదటి రెండు రోజులు దాన్ని ఇల్లంతా వాసన చూడనివ్వండి, చుట్టాలెవరినీ పిలవకండి. మూడో రోజు నుంచి చెప్పులేసుకుని, తాళంచెవి తీసుకుని బయటికి వెళ్ళి రెండు నిమిషాల్లో వచ్చేయండి. తర్వాత కిరాణా కొట్టు దాకా. తర్వాత గంట. వెళ్ళేటప్పుడు ముద్దులూ బుజ్జగింపులూ వద్దు, వచ్చినప్పుడు కూడా కాస్త నెమ్మదిగా పలకరించండి. పదో రోజుకి సగం పూట ఉండగలిగితే బాగా సర్దుకున్నట్టే. ఆ సెలవు మాత్రం మే నెలలో పెట్టకండి, దీపావళి వారంలో అసలే పెట్టకండి. కొత్త ఇంట్లో టపాకాయల చప్పుడుకి బెదిరి తలుపు సందులోంచి పారిపోయిన కుక్కల్ని వెతకడం చాలా కష్టం. వానలు తగ్గి, చలి మొదలయ్యే కార్తీకం చివరి రోజులు మంచివి.